అలెగ్జాండర్ డ్యూమా: నాన్న కోసం రాసిన కథలు

పోయిన సెమిస్టర్ పరీక్షలకి రెండు రోజుల ముందు ఒక పొరపాటు చేశాను. ఫోన్‌లో 'ది కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో' నవల ఓపెన్ చేశాను. ఇంకొక్క చాప్టర్, ఇంకొక్క చాప్టర్ అనుకుంటూ ఉంటే తెల్లారిపోయింది. ఇంటికెళ్లి ఆ కథ చెప్తే, సగంలోనే మా నాన్న ఇది చిరంజీవి 'వేట' కదా అనేశారు. నిజమే, 1986లో వచ్చిన ఆ సినిమాకి మూలం ఈ నవలే. దాదాపు 180 ఏళ్ల కిందటి ఫ్రెంచ్ కథ మా నాన్ననీ నన్నూ ఎందుకు పట్టుకుందో అప్పుడు అర్థం కాలేదు. రాసినాయన జీవితం చదివాక కొంచెం అర్థమైంది. అదే మీతో చెప్దామని ఈ వ్యాసం.

అలెగ్జాండర్ డ్యూమా 1802 జులై 24న ఫ్రాన్స్‌లో విలేర్-కొత్రే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. కానీ ఆయన కథ వాళ్ల నాన్న దగ్గర మొదలుపెట్టాలి. ఇప్పుడు హైతీ అని పిలుస్తున్న చోట, ఒక ఫ్రెంచ్ జమీందారుకీ మారీ సెసెట్ అనే నల్లజాతి బానిస స్త్రీకీ 1762లో పుట్టాడాయన. ఒక దశలో డబ్బు కోసం కన్నతండ్రే ఆ కొడుకుని తాకట్టు పెట్టాడు. తర్వాత విడిపించి ఫ్రాన్స్‌కి రప్పించుకున్నాడు. పెద్దయ్యాక ఆ అబ్బాయి 1786లో మామూలు సిపాయిగా సైన్యంలో చేరాడు. అప్పుడు తండ్రి ఇంటిపేరు వదిలేసి, తల్లి పేరైన డ్యూమా అని రాయించుకున్నాడు. ఫ్రెంచ్ విప్లవం వచ్చింది. ఏడేళ్లు తిరిగేసరికి ఆ సిపాయి జనరల్ అయ్యాడు.

తర్వాత ఈజిప్ట్ దండయాత్రలో ఆయనకీ నెపోలియన్‌కీ చెడింది. 1799లో తిరిగి వస్తుంటే ఓడలోకి నీళ్లొచ్చి దక్షిణ ఇటలీలో ఆగాల్సి వచ్చింది. అక్కడి నేపుల్స్ రాజ్యం వాళ్లు ఆయన్ని పట్టుకుని సుమారు రెండేళ్లు జైల్లో పెట్టారు. బయటికొచ్చేసరికి ఆ బలమైన మనిషి ఆరోగ్యం మొత్తం పోయింది. ఇంటికొస్తే ఆదుకునేవాళ్లు లేరు. 1802లో నెపోలియన్ వలస దీవుల్లో బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడు. నల్లజాతి జనరల్ ఇంక ఎవరికీ అక్కర్లేదు. 1806లో ఆయన చనిపోతే, భార్యకి పెన్షన్ కూడా ఇవ్వలేదు.

అప్పటికి మన డ్యూమాకి నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ రోజు సంగతి తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. నాన్నని దేవుడు తీసుకెళ్లిపోయాడని ఎవరో చెప్తే, ఇంట్లో ఉన్న తుపాకీ ఈడ్చుకుంటూ మెట్లెక్కాడట. ఎక్కడికిరా అని తల్లి అడిగితే, నాన్నని చంపిన దేవుణ్ణి చంపడానికి పైకి వెళ్తున్నానన్నాడట. నాకైతే ఆయన నవలలన్నీ ఆ మెట్ల మీదే మొదలయ్యాయనిపిస్తుంది.

డబ్బుల్లేవు, పెద్ద చదువూ లేదు. 1823లో పారిస్ వెళ్లి, ఒక జనరల్‌ని ఉద్యోగం అడిగాడు. లెక్కలొచ్చా? రావు. లా వచ్చా? రాదు. మన ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూ కన్నా ఘోరంగా సాగింది. చివరికి అడ్రస్ రాసిచ్చి వెళ్లమంటే రాశాడు. ఆ చేతిరాత చూసి పెద్దాయన ఆశ్చర్యపోయాడు. అలా ఒక డ్యూక్ గారి ఆఫీసులో కాగితాలకి కాపీలు రాసే గుమస్తా ఉద్యోగం వచ్చింది. పగలు ఆఫీసు, రాత్రి నాటకాలు. 1829లో ఆయన నాటకం ఒకటి పెద్ద హిట్టయి, ఒక్కసారిగా పారిస్ అంతా పేరు మోగిపోయింది.

1836 నుంచి ఫ్రెంచ్ దినపత్రికలు నవలల్ని సీరియల్‌గా వేయడం మొదలుపెట్టాయి. ప్రతి భాగం చివర ఏదో ఒక ప్రమాదంలో ఆపేయాలి, మర్నాడు జనం పేపర్ కొనాలి. మనం వెబ్ సిరీస్‌కి పడిపోయినట్టే వాళ్లూ పడిపోయారు. 1844 మార్చిలో మొదలైన 'త్రీ మస్కటీర్స్' జులైలో అయిపోయింది. ఆగస్టుకల్లా 'మాంటె క్రిస్టో' మొదలైంది. అది 1846 జనవరి దాకా నడిచింది.

ఇప్పుడు ఆ కథలు మళ్లీ చూడండి. ఊరి నుంచి ఖాళీ చేతులతో వచ్చి, కత్తితో, స్నేహంతో పైకొచ్చిన డార్టన్యన్. ఏ తప్పూ చేయకుండా 14 ఏళ్లు సముద్రం మధ్య కోటలో బందీగా ఉన్న ఎడ్మండ్ డాంటెస్. ఈ రెండో కథకి బీజం పారిస్ పోలీసు దస్తావేజుల మీద వచ్చిన ఒక పుస్తకంలో దొరికింది. కానీ ఆ జైలు గది బాధ మాత్రం ఇంట్లోంచే వచ్చిందని నా నమ్మకం. జనరల్ డ్యూమాకి నిధి దొరకలేదు, న్యాయం దొరకలేదు. డాంటెస్‌కి రెండూ దొరికాయి. చరిత్ర ఇచ్చిన తీర్పు మీద కొడుకు వేసిన అప్పీలు అన్నమాట. చారిత్రక సాహస నవలల్లో మనకి నచ్చేది కోటలూ కత్తులూ మాత్రమే కాదనుకుంటా. ఒక్కసారైనా ఆ కేసు మనవైపు గెలుస్తుంది.

బయట ప్రపంచం మాత్రం అలా లేదు. ఎంత పేరొచ్చినా ఆయన రంగునీ జుట్టునీ వెక్కిరించేవాళ్లు. 1845లో ఒకాయన, డ్యూమాది నవలల ఫ్యాక్టరీ, రాసేది వేరేవాళ్లు అంటూ, జాతిని తిడుతూ ఒక చిన్న పుస్తకమే వేశాడు. డ్యూమా కోర్టుకెళ్లి గెలిచాడు.

కానీ అందులో ఒక ముక్క నిజం. ఒగుస్త్ మాకే అనే చరిత్ర మాస్టారు ఈ నవలలకి పరిశోధన చేసేవాడు, కథ అల్లేవాడు, మొదటి డ్రాఫ్ట్ రాసేవాడు. డ్యూమా దాన్ని తిరగరాసి, సంభాషణలతో ప్రాణం పోసేవాడు. డ్యూమా పేరుంటేనే పేపర్ అమ్ముడవుతుంది కాబట్టి అట్ట మీద ఆ ఒక్క పేరే ఉండేది. మాకే కోర్టుకెళ్తే 1858లో డబ్బు ఇమ్మన్నారు గానీ, పేరు ఇవ్వలేదు. తల్లి పేరు నిలబెట్టిన మనిషి కొడుకు, ఇంకొకరి పేరు విషయంలో మాత్రం అలా ఉండిపోయాడు. నేను ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను. మా మినీ ప్రాజెక్ట్‌లో డేటాబేస్ పని సగం చేసిన ఫ్రెండ్ పేరు రిపోర్ట్‌లో లేదు. టీమ్‌కి నలుగురే అన్నారు, మేమూ ఊరుకున్నాం.

నవలల డబ్బుతో డ్యూమా పారిస్ దగ్గర మాంటె క్రిస్టో పేరుతోనే ఒక కోట కట్టుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ భోజనం, అడిగినవాళ్లందరికీ అప్పు. కొన్నేళ్లకే అది అమ్ముకోవాల్సి వచ్చింది. 1851లో అప్పులవాళ్ల బాధ తప్పించుకోవడానికి బ్రస్సెల్స్ వెళ్లిపోయాడు. 1860లో మాత్రం ఆయన జీవితమే నవలైపోయింది. ఇటలీలో గారిబాల్డీ, నేపుల్స్ రాజు మీద యుద్ధానికి దిగితే, డ్యూమా తన డబ్బుతో తుపాకులు కొనిచ్చాడు. నాన్నని జైల్లో పెట్టిన రాజవంశం అదే. అది కూలిపోయాక అదే నేపుల్స్‌లో కొన్నేళ్లు ఉండి పత్రిక నడిపాడు. మెట్లెక్కిన ఆ పిల్లాడి చేతికి మళ్లీ తుపాకీ దొరికినట్టే కదా!

1870 డిసెంబర్ 5న, సముద్రం ఒడ్డున కొడుకు ఇంట్లో, దాదాపు చేతిలో ఏమీ లేకుండా చనిపోయాడు. 2002లో, ఆయన పుట్టిన 200 ఏళ్లకి, ఫ్రాన్స్ ఆయన శవపేటికని పారిస్‌లోని పాంథియాన్‌కి తీసుకెళ్లి, విక్టర్ హ్యూగో, ఎమిలీ జోలాల పక్కన ఉంచింది. మస్కటీర్ల వేషంలో ఉన్నవాళ్లు పేటిక వెంట నడిచారు. అప్పీలు మీద తీర్పు రావడానికి అంత కాలం పట్టింది.

సెలవుల్లో ఒక్క నవల చదవాలనుకుంటే ఇది చదవండి, పరీక్షల ముందు మాత్రం వద్దు. ఇంకోటి, మా ప్రాజెక్ట్ కోడ్ ఇంకా ఆన్‌లైన్‌లోనే ఉంది. నిన్న రాత్రి దాని మొదటి పేజీలో ఐదో పేరు చేర్చాను.