గెంతులు తీసేసిన గురువు

చైనా పార్కుల్లో పెద్దవాళ్లు గుంపుగా, నెమ్మదిగా చేసే తైచీని టీవీలో చూసే ఉంటారు. ఒకప్పుడది పోరాట విద్య. దాన్ని మామూలు జనానికి చేర్చినవారిలో ముఖ్యుడు యాంగ్ చెంగ్‌ఫు. 1883లో యోధుల కుటుంబంలో పుట్టారు. బీజింగ్‌లో, 1928 నుంచి షాంఘైలో నేర్పారు. తాతల నాటి విద్యలోని గెంతులు తీసేసి, కదలికలన్నీ ఒకే వేగంతో సాగేలా మార్చారు. వయసు మళ్లినవారికి కలిసొచ్చింది అదే. బరువును మెల్లగా ఒక కాలి మీంచి మరో కాలి మీదకు మార్చడంతో తొడ కండరాలు గట్టిపడతాయి, తూలడం తగ్గుతుంది. పెద్దవాళ్లు కింద పడటం తగ్గుతుందని అధ్యయనాలూ చెబుతున్నాయి. తుంటి విరిగి మంచానపడ్డవారిని రోజూ చూసే నాకిది చిన్న విషయం కాదు. భారీకాయుడైన యాంగ్ మాత్రం 1936లోనే కన్నుమూశారు. ఆయన పద్ధతిని కుదించి 1956లో చైనా ప్రభుత్వం తయారుచేయించిన 24 కదలికల వరుసనే నేడు చాలా తరగతుల్లో నేర్పుతున్నారు. మోకాళ్ల నొప్పులున్నవారు కాళ్లు ఎక్కువగా వంచకుండా, పక్కన కుర్చీ పెట్టుకుని చేయొచ్చు.