ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు - రామదండు

ఏ మహాసభ జరిగినను వేదికమీది పెద్దల పేర్లు పత్రికల కెక్కును గాని, పందిటివాకిట నిలిచి జనమును నడపుచు, దాహమడిగినవారికి నీళ్లందించు స్వచ్ఛందసేవకుల పేర్లు ఎక్కవు. అట్టివారిని ఒక దండుగా కూర్చి, ఒక ఊరి భారమునే వారి భుజముల కెత్తిన మహనీయుడు గోపాలకృష్ణయ్యగారు. ఈ సంచికను చదువు మనవారిలో పలువురు గ్రామసేవకు పూనుకొన్నవారే యగుటచే, ఆయన చరిత్రమును సంగ్రహముగా వ్రాయ సంకల్పించితిమి.

ఆయన 1889 జూను 2వ తేదీని కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి బంధువుల పోషణలో పెరిగిరి. కొంతకాలము ప్రభుత్వోద్యోగము చేసి, మిత్రులు నడింపల్లి నరసింహారావుగారితో గూడ ఎడింబరో కేగి, అర్థశాస్త్రమున ఎం.ఏ. పట్టము నందిరి. నందికేశ్వరుని అభినయదర్పణమును ఆనందకుమారస్వామిగారితో కలిసి ఆంగ్లీకరింపగా ఆ గ్రంథము 1917లో వెలువడినది. సంస్కృతము చదువుకొన్న మావంటివారికి ఈ యొక్క పనియే ఆయనయందు గౌరవము కలిగింప జాలును. స్వదేశమునకు మరలిన పిమ్మట రాజమహేంద్రవరమునను, బందరు జాతీయకళాశాలయందును ఉపాధ్యాయులుగా నుండిరి. కాని ఎవరి యాజ్ఞకును లోబడియుండు స్వభావము కాదు. తుదకు చీరాలను తమ కార్యస్థానముగా జేసికొనిరి.

అచ్చట ఆయన సమకూర్చిన సేవకదళమే రామదండు. ఆ పేరు ఊరక పెట్టినది కాదు. సేతువు కట్టిన వానరులు కూలి అడుగలేదు గదా! 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు, గాంధీమహాత్ముని దర్శింప లక్షలకొలది జనము వచ్చిపడిరి. ఆ జనసముద్రమును అదుపున నుంచినవారు రామదండువారే.

అంతకంటె కఠినమైన పరీక్ష చీరాలలో వచ్చినది. చీరాల పేరాల గ్రామములను ప్రభుత్వమువారు పురపాలకసంఘముగా మార్చిరి. యూనియనుగా నున్నప్పుడు సాలునకు సుమారు 4 వేల రూపాయలుగా నుండిన పన్ను, ఇప్పుడు 40 వేలకు పెరుగునని ప్రజలు భీతిల్లిరి. అందు పలువురు నేతపనివారు. మగ్గము ఆడిననాడే కూడు. పన్ను కట్టమన్నవారిలో కొందరు చెరసాలకు బోయిరి. వారిలో ఒక స్త్రీయు కలదు. గాంధీమహాత్ముడు చీరాలకు విచ్చేసి, ఊరు విడుచుట యొక మార్గమని చూపి, ఆ భారమును ప్రజలే వహింపవలెనని తెలిపిరి. అంతట పదునైదువేల జనములో సుమారు పదుమూడువేలమంది ఇండ్లు వాకిండ్లు వదలి, ఊరివెలుపల పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడిరి.

పన్నును ధిక్కరించుట యొకయెత్తు; పన్నులేని ఊరిని నడపుట వేరొకయెత్తు. ఎండకు వానకు పాకలలో నున్న అన్ని వేలమందికి కావలి యుండవలెను, తగవులు తీరవలెను, ధైర్యము చెప్పువారుండవలెను. సర్కారు చేయవలసిన ఈ పనులను రామనగరములో ప్రజల పంచాయతియు రామదండును వహించినవి. ఇట్లు పదునొకండు నెలలు జరిగినది. జీతములేని పడుచువాండ్రు అన్ని నెలలు ఒక పట్టణమును చెదరకుండ నిలుపుట సామాన్యమా?

అయినను ఒక కొరతను చెప్పక తప్పదు. రామనగరమునకు స్థిరమైన ఆదాయము లేదు. చందాలకై గోపాలకృష్ణయ్యగారే ఊరూర తిరుగవలసివచ్చెను. దీపమునకు నూనెయు, వీధి ఊడ్చువానికి కూలియు ఉత్సాహమువలన రావు. అంతకుమించి, ఆయన తరువాత ఆయనంతటివాడు దండులో లేడు. 1921లోనే గంజాములోని బరంపురమున నిషేధాజ్ఞను మీరి ప్రసంగించినందులకు ఆయనకు ఏడాది శిక్ష విధించి తిరుచిరాపల్లి చెరకు బంపిరి. నాయకుడు లేకపోగానే పాకలు సడలినవి. 1922లో జనులు ఒక్కొక్కరుగా పాతయిండ్లకు మరలిరి. సేవకుల శ్రద్ధకు లోపము లేదు. వారి వెనుక నిలువవలసిన ఏర్పాటే లోపించినదని మా యభిప్రాయము.

చెరనుండి వచ్చిన పిదప ఆయన దేహము క్షీణించినది. క్షయవ్యాధికి లోనై, దారిద్ర్యముతో పెనగులాడుచు, 1928 జూను 10వ తేదీని ముప్పదితొమ్మిదవయేటనే పరమపదించిరి. విజయవాడలోని కాంగ్రెసు కార్యాలయమునకు ఆంధ్రరత్నభవనమని ఆయన బిరుదుపేరే పెట్టిరి. ఇక చీరాల మాటయందురా, అది నేడు పురపాలకసంఘము గల పట్టణమే. 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరియున్నది.