లిన్నేయసు పండితుడు – చెట్టుకప్ప, టెంకిచేప

ప్రకృతిశాస్త్రము చదువు మన విద్యార్థు లెల్లరును లిన్నేయసు పేరు విని యుందురు. ఆయన 1707వ సంవత్సరము మే 23వ తేదీన స్వీడను దేశపు రాషుల్టు గ్రామమున నొక లూథరను బోధకుని యింట జన్మించెను. తండ్రి కుమారుని బోధకునిగా జేయ దలచెను గాని, తోటపని యందు తండ్రికి గల మక్కువయే బాలున కబ్బెను. లుండు, ఉప్సాలా పట్టణములలో చదివి, 1732లో లాప్లాండున సంచరించి, 1735లో హాలండున ప్రకృతి వ్యవస్థ యను గ్రంథమును బ్రకటించెను. అప్పటి కది పట్టుమని పదిపండ్రెండు పెద్ద పుటలే. 1741లో ఉప్సాలాలో ఆచార్యు డయ్యెను.

మేము ముఖ్యముగా జెప్పదలచినది 1758 నాటి పదవ కూర్పును గూర్చి. జంతువులకు రెండేసి మాటల లాటిను పేర్లు స్థిరపడిన దందులోనే. తిమింగిలమును చేపలనుండి తీసి పాలిచ్చు జంతువులలో జేర్చిన దందులోనే. కాని యా చేతితోనే, 1735లో చేపలలో నుంచిన టెంకిని కప్పలు, పాములు, బల్లులు గల ఉభయచర తరగతిలో వేసెను! కొమ్మ నంటుకొని వ్రేళ్ల కొనల బిళ్లలతో ప్రాకు ఐరోపా చెట్టుకప్పయు, సముద్రపుటడుగున చాపవలె బరచుకొను టెంకియు నొక యింటివారైరి. టెంకికి ఊపిరితిత్తులు గలవని యాయన నమ్ముటయే కారణము. నిజమునకు దానికి మొప్పలే యున్నవి. ఎముకలకు బదులు మృదులాస్థి గలిగి సొరచేపకు జ్ఞాతియైనది. తరువాతి పండితులు దానిని మరల చేపలలో జేర్చిరి.

ఆ తరగతి ప్రాణు లన్న నాయనకు రోత. అవి చల్లనివి, వికారమైనవి గనుక సృష్టికర్త వానిని విస్తారముగా జేయలేదని వ్రాసెను. బోధకుని కుమారు డిట్లు వ్రాయుట మాకు వింతగా దోచును. నేడు తెలిసిన కప్పజాతులే యేడువేలకు మించినవి.

మన విశాఖపట్టణపు చేపలను, టెంకులతో సహా, పాట్రికు రస్సెలు దొర తెలుగు పేర్లతోనే వర్ణించి 1803లో గ్రంథముగా వెలువరించెను.

లిన్నేయసు పేరు పెట్టిన యా రెండు ప్రాణుల గతియు నొకటి గాదు. చెట్టుకప్ప వందలకొలది గ్రుడ్లు పెట్టును. కుంటలు పూడ్చినచోట తగ్గును, మరల త్రవ్వినచోట కొన్ని యేండ్లలో దిరిగి వచ్చును. ఐరోపా పెద్ద టెంకి పదియేండ్లు దాటిన గాని గ్రుడ్డు పెట్టదు. పెట్టినను ఏటికి సుమారు నలువదియే. పిల్లయే వలలో జిక్కునంత పెద్దది. కావున 2006లో దానిని తీవ్రాపాయమున నున్న జాతులలో జేర్చిరి.

లిన్నేయసు 1778 జనవరి 10వ తేదీన మరణించి ఉప్సాలా ప్రధానదేవాలయమున సమాధి చేయబడెను. ఆయన సేకరించిన మొక్కలు, చేపలు, పురుగులు 1784లో జేమ్సు ఎడ్వర్డు స్మిత్తు అను ఆంగ్లేయుడు కొనగా లండనునకు జేరెను. అవి నేటికి నచటనే యున్నవి.