కాశీకి పల్లకిలో – ఏనుగుల వీరాస్వామయ్య

పోయిన శీతాకాలం సెలవుల్లో మేము ఇంటిల్లిపాదీ కారులో పెంచ్ అడవి చూడటానికి బయలుదేరాం. రాయపూర్ నుంచి దుర్గ్, రాజనందగావ్, భండారా మీదుగా నాగపూర్ చేరి, అక్కడ రాత్రి ఆగి, తెల్లవారాక ఉత్తరానికి తిరిగాం. మన్సర్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు మొదలవుతాయి. మహారాష్ట్ర సరిహద్దు దాటితే ఖవాసా, ఆ తరువాత కురై ఘాట్, ఆ పైన సివని పట్నం. కారులో నాగపూర్ నుంచి సివనికి సుమారు 125 కిలోమీటర్లు. మధ్యలో టీ తాగినా మధ్యాహ్నం భోజనం వేళకు చేరిపోవచ్చు.

ఈ దారినే 1830లో ఒక తెలుగాయన వెళ్ళారు. పేరు ఏనుగుల వీరాస్వామయ్య. ఆయన ప్రయాణం చెన్నపట్నం నుంచి కాశీకి. రైలు లేదు, మోటారు లేదు, మన దేశంలో ఇంకా ఫోటో తీసే పెట్టె కూడా లేదు. పిల్లలూ, ఆ సంగతి మా వాళ్ళకు కారులోనే చెప్పడం మొదలుపెట్టాం. మీకు ఇప్పుడు చెబుతున్నాం.

వీరాస్వామయ్య 1780లో పుట్టారు. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. అయినా చదువు ఆపలేదు. పన్నెండేళ్ళకే ఇంగ్లీషు ధారాళంగా చదివేవారు. కుంపిణీవారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్ కచేరీలో వాలంటీరుగా చేరారు. పదమూడో ఏట దుబాసీ పని మీద తిరునల్వేలికి వెళ్ళారు. దుబాసీ అంటే రెండు భాషల మనిషి. దొర మాట రైతుకూ, రైతు మాట దొరకూ తెలిసేలా చెప్పేవాడు. చెన్నపట్నం నుంచి తిరునల్వేలి దగ్గరేం కాదు. మనలో ఎనిమిదో తరగతి చదివే వయసున్న పిల్లవాడికి అది మొదటి బదిలీ అన్నమాట! మీరు నాన్న బదిలీతోనో అమ్మ బదిలీతోనో ఊళ్ళు మారుతున్నారు, ఆయన తన ఉద్యోగం కోసం తానే మారారు. తరువాత చెన్నపట్నం తిరిగివచ్చి, అంచెలంచెలుగా పైకెదిగి, సుప్రీంకోర్టులో ముఖ్య దుబాసీ అయ్యారు.

యాభై ఏళ్ళ వయసులో సెలవు పెట్టి కాశీయాత్రకు పూనుకున్నారు. 1830 మే 18 రాత్రి చెన్నపట్నం విడిచి, ఊరి వెలుపల తండయారువేటిలో ఉన్న తన తోటకు చేరారు. వెంట సుమారు వంద మంది. ఇంటివాళ్ళు, పనివాళ్ళు, వంటవాళ్ళు, పల్లకీలు మోసే బోయీలు. తినేదీ, పడుకునేదీ, గుడారాలూ అన్నీ మోసుకుని కదిలారు. మన బదిలీ సామాను లారీకి ఎక్కించేటప్పుడు ఇల్లంతా ఎలా ఉంటుందో తలచుకోండి. అలా రోజూ విప్పడం, రోజూ కట్టడం. ఒక రోజు నడకకూ ఇంకో రోజు నడకకూ మధ్య ఆగే చోటును మజిలీ అంటారు. ఆ మాట ఇప్పుడు సినిమా పేర్లలోనే వినిపిస్తోంది గానీ, బదిలీల మీద బతికే మన ఇళ్ళల్లో రోజూ వాడుకోదగ్గ మాట.

తిరుపతి, కడప, అహోబిలం మీదుగా నల్లమల అడవిలో ప్రవేశించి శ్రీశైలం చేరారు. అక్కడ చూసినదంతా రాసుకున్నారు. యాత్రికుల దగ్గర కందనూరు నవాబు మనుషులు డబ్బు వసూలు చేసుకుంటున్నారనీ, గుడికి మాత్రం సరైన ఆలనా పాలనా లేదనీ మొగమాటం లేకుండా రాశారు. భక్తితో వెళ్ళినా కళ్ళు మూసుకుని వెళ్ళలేదు. మాకు ఆయనలో నచ్చిన గుణాల్లో ఇది ఒకటి.

హైదరాబాదు, నిర్మల్ దాటి నాగపూర్ వచ్చారు. అప్పట్లో నాగపూర్ భోంస్లే రాజులది. మనం ఉంటున్న ఛత్తీస్‌గఢ్ కూడా వాళ్ళ ఏలుబడిలోనిదే. అక్కడి నుంచి రామ్‌టేక్, సివని, జబల్‌పూర్. ఇక్కడే సాత్పురా కొండలు దాటాలి. ఆ రోజుల్లో ఈ వైపు దారుల్లో థగ్గుల భయం ఉండేది. వాళ్ళు బాటసారులతో స్నేహంగా కలిసి నడిచి, అదను చూసి గుడ్డతో ఉరి బిగించి చంపి దోచుకునేవారు. జబల్‌పూర్ వైపు పనిచేస్తున్న స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి వాళ్ళను పట్టే పని గట్టిగా మొదలుపెట్టింది ఆ ఏడే. అడవిలో పులి, దారిలో దొంగ, వానకు పొంగే వాగు. వంద మందితో ఎందుకు వెళ్ళారో ఇప్పుడు అర్థమయిందా? పల్లకిలో కూర్చున్నవారి పేరు పుస్తకం మీద ఉంటుంది. ఘాట్ ఎక్కిన కాళ్ళు మాత్రం బోయీలవి. కురై ఘాట్ మలుపుల్లో మా కారు రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంటే మాకు వాళ్ళే గుర్తొచ్చారు.

ఇప్పుడు భయం అటుది ఇటయింది. దారికి అడవి అంటే భయం లేదు, అడవికే దారి అంటే భయం. ఈ అడవి 1983లో జాతీయ ఉద్యానవనం, 1992లో పులుల అభయారణ్యం అయింది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు జంతువులు బండ్ల కింద పడకుండా కొన్ని చోట్ల రోడ్డునే స్తంభాల మీదికి ఎత్తారు. జంతువులు దాని కింద నుంచి నడిచిపోతాయి. మన చప్పుడూ, దీపాల వెలుతురూ లోపలికి పోకుండా పక్కన ఎత్తయిన అడ్డుగోడలు కూడా కట్టారు. అన్నట్టు, కిప్లింగ్ 1894లో అచ్చువేసిన జంగిల్ బుక్‌లో మోగ్లీ తిరిగిన కొండలు ఈ సివని కొండలే. మా పిల్లలు కారు అద్దానికి ముక్కులు ఆనించి చూస్తే ఒక కోతుల గుంపు, నాలుగు జింకలు కనిపించాయి. పులి కనిపించలేదు.

వీరాస్వామయ్య గొప్పతనం కాశీ చేరడంలో లేదు. కాశీకి వెళ్ళినవాళ్ళు ఆయనకు ముందూ వేలమంది ఉన్నారు. వాళ్ళు గంగ తెచ్చుకున్నారు, ఈయన దారినే తెచ్చారు. ఏ మజిలీలో మంచినీళ్ళు ఉన్నాయి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, బాట రాళ్ళదా రేగడి బురదా, ఏ నాణెం ఎక్కడ చెల్లుతుంది, ఇవన్నీ ఏ రోజుకారోజు రాసి పెట్టుకున్నారు. రాసినదాన్ని చెన్నపట్నంలోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు ఉత్తరాలుగా పంపారు. కాశీ నుంచి గయ, కలకత్తా, పూరీ మీదుగా తూర్పు తీరం వెంట దిగివచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. అయిదేళ్ళకు, 1836లో కన్నుమూశారు. తన పుస్తకం అచ్చులో చూసుకోలేదు. పిళ్ళె ఆ ఉత్తరాలను జాగ్రత్త చేసి 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చువేయించారు. తెలుగులో యాత్రా గ్రంథాలకు ఇదే తొలి పెద్ద. ఆ స్నేహితుడు కాగితాలు దాచకపోతే ఈ పేజీలో మనం చెప్పుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

మా సంగతి ఒకటి చెప్పాలి. ఒక బదిలీలో మా పాత ఉత్తరాల పెట్టె పోయింది. మంచాలు వచ్చాయి, గిన్నెలు వచ్చాయి, ఆ ఒక్క పెట్టె రాలేదు. అమ్మమ్మ చేతిరాత అందులోనే ఉంది. అంతకుముందు ఉన్న ఊళ్ళో మా ఇంటి ఎదుట ఉన్నది వేపచెట్టా కానుగచెట్టా అని మా ఇంట్లో ఇప్పటికీ వాదన తెగదు. ఎవరం రాసి పెట్టుకోలేదు.

సివనిలో భోజనం చేసేటప్పుడు మా చిన్నది హోటలు బిల్లు వెనక పెన్సిలుతో రాసింది: ఖవాసా, కురై, జింకలు నాలుగు, టీ బాగుంది, మంచినీళ్ళ కుండ హోటలు గుమ్మం దగ్గర. ఆ కాగితం మడిచి రాయపూర్‌లో ఉన్న తన స్నేహితురాలికి ఇస్తానంది. సివని నుంచి ఉత్తరానికి జబల్‌పూర్, రీవా మీదుగా కాశీకి పోయే దారి పాత ఏడో నంబరు జాతీయ రహదారి. దాని మీద లారీలు బారులు తీరి వెళుతున్నాయి. మా సెలవులు అయిపోవచ్చాయి. కారు వెనక్కి తిప్పుకున్నాం.