ఏ గీత ఎవరిది? పియరీ జాన్సెన్ జీవితం నేర్పే పాఠం



హీలియం కథలో మన గుంటూరు పేరు వస్తుందని మీ పిల్లలు ఎప్పుడైనా చెప్పారా? ఆ కథలోకి గుంటూరును తెచ్చిన వ్యక్తి పియరీ జాన్సెన్. 1824లో పారిస్‌లో పుట్టారు. పసితనంలో జరిగిన ప్రమాదం వల్ల జీవితాంతం కుంటుతూనే నడిచారు. బడికి వెళ్లే వీలు లేక ఇంట్లోనే చదువుకున్నారు. ఇల్లు గడవడం కోసం కుర్రతనంలోనే బ్యాంకులో ఉద్యోగంలో చేరారు. డాక్టరేట్ చేతికి వచ్చేసరికి ఆయనకు 36 ఏళ్లు.

సూర్యకాంతిని పట్టకం గుండా పంపితే ఏడు రంగులు విడిపోతాయని మీ పిల్లలకు తెలుసు. ఆ వర్ణపటాన్ని మంచి పరికరంతో చూస్తే రంగుల మధ్య సన్నని నల్ల గీతలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని సూర్యుడివి, కొన్ని మన గాలివి. ఏది ఎవరిదో తేల్చడమే జాన్సెన్ పట్టుకున్న పని.

1864లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న నియోన్‌లో కట్టెలు పేర్చి పెద్ద మంట వేయించారు. దగ్గర నుంచి చూస్తే ఆ వెలుగులో నల్ల గీతలు లేవు. దాదాపు 21 కిలోమీటర్ల దూరంలోని జెనీవా నుంచి చూస్తే గీతలు వచ్చాయి. మంట అదే, మధ్యలో చేరింది గాలి ఒక్కటే. అంటే ఆ గీతలు గాలివే. తర్వాత 37 మీటర్ల ఇనుప గొట్టంలో ఆవిరి నింపి, వాటిలో నీటి ఆవిరి గీతలేవో కూడా తేల్చారు.

1867లో గ్రీసు దేశపు శాంటోరిని అగ్నిపర్వతం దగ్గరికి అదే పరికరంతో వెళ్లారు. కరిగిన రాయి వెలుగు ఏడు రంగుల్నీ కలిపి చూపిస్తుంది. మండే వాయువు మాత్రం విడివిడి గీతలు చూపిస్తుంది. ఆ తేడా పట్టుకుని, మంటల్లో హైడ్రోజన్ ఉందని గుర్తించారు.

మరుసటి ఏడాది, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి గుంటూరు వచ్చారు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలలు వాయువులేనని వాటి గీతలు చెప్పాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకుండానే చూడవచ్చని ఆయనకు తట్టింది. మర్నాడే చూశారు. కాకినాడ నుంచి ఆయన రాసిన లేఖ అక్టోబరులో పారిస్ చేరింది. ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ విడిగా కనుక్కున్న అదే పద్ధతి కబురు కూడా దాదాపు అప్పుడే అందింది. ఫ్రాన్స్ ఇద్దరి బొమ్మలతో ఒకే పతకం వేయించింది. ఆ జ్వాలల్లో కనిపించిన పసుపు గీతను మొదట సోడియం అనుకున్నారు. అది సోడియం గీతతో సరిపోవడం లేదని లాకియర్ తేల్చారు. అదే హీలియం. భూమి మీద అది దొరికింది 1895లో.

1883లో హవాయిలోని కిలావేయా అగ్నిపర్వతాన్ని పరిశీలించారు. 66 ఏళ్ల వయసులో, కాలు సహకరించకపోయినా, స్లెడ్జి మీద లాగించుకుని మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కారు. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆక్సిజన్ గీతలు పలచబడతాయా అని చూడటానికే ఈ శ్రమ. 1907లో కన్నుమూశారు.

ఇప్పుడు అగ్నిపర్వతాల దగ్గర ఉండే పరికరాలు ఆకాశాన్ని ఒక అంచు నుంచి మరో అంచు వరకు చూస్తూ పదుల కొద్దీ వర్ణపటాలు తీస్తాయి. సల్ఫర్ డయాక్సైడ్ ఎంత వస్తోందో లెక్కించాలంటే ముందు వాటిని ఏరాలి. మరీ చీకటిగా ఉన్నవి, వెలుగు ఎక్కువై పాడైనవి పక్కన పెడతారు. వాయువు లేని శుభ్రమైన ఆకాశం వర్ణపటాన్ని ఒకదాన్ని ఎంచుకుని, మిగతావాటిని దానితో పోలుస్తారు. అదీ అదే పరికరం, అదే పూట తీసినదైతే మేలు. శుభ్రం అనుకున్న దానిలోనే వాయువు ఉంటే లెక్క తక్కువగా వస్తుంది, ప్రమాదం చిన్నదిగా కనిపిస్తుంది. కింద ఊళ్లున్న చోట అది చిన్న పొరపాటు కాదు.

మార్కుల కార్డు చేతికి వచ్చినప్పుడు ఈ మాట ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ అంకెల్లో మీ అమ్మాయిది ఎంత, ఆ రోజు జ్వరానిది ఎంత, నిద్ర లేని రాత్రిది ఎంత? పోల్చక తప్పదనుకుంటే పక్కింటి పిల్లలతో కాకుండా, మూడు నెలల కిందటి మీ అమ్మాయితోనే పోల్చండి. పరికరం అదే కదా!

ఈ ఆదివారం పిల్లలతో కలిసి పాత సీడీ వెనుక వైపు కొవ్వొత్తి వెలుగును, తర్వాత సీఎఫ్ఎల్ బల్బు వెలుగును పడనిచ్చి చూడండి. ఒకదానిలో రంగులు కలిసిపోయి ఉంటాయి, రెండోదానిలో విడివిడిగా ఉంటాయి. ఎందుకో వాళ్లనే చెప్పనివ్వండి. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడనివ్వకండి.