ఊరు పొమ్మంటే కొండ చేరింది

తరిగొండ వెంగమాంబ అనగానే చాలామందికి తిరుమల అన్నప్రసాద భవనం గుర్తొస్తుంది. నాకు మాత్రం బొట్టు చెరుపుకోనని మొండికేసిన పిల్ల కళ్ల ముందు నిలుస్తుంది.

గుర్రంకొండ దగ్గరి తరిగొండలో 1730 ప్రాంతంలో పుట్టింది. చిన్నప్పుడే పెళ్లి, ఆ వెంటనే వైధవ్యం. తల తీయించుకోమంటే ససేమిరా అంది. వేంకటేశ్వరుడే తన భర్తని నమ్మి, పూలూ కుంకుమా వదల్లేదు. ఊరు ఊరుకుంటుందా? నరసింహస్వామి గుడిలో హనుమంతుడి విగ్రహం వెనకాల ధ్యానంలో కూర్చుంటే పూజారి బయటికి ఈడ్చేశాడని చెబుతారు.

తిరుమల చేరినా పోరు తప్పలేదట. తుంబురు కోనలో ఏళ్ల తరబడి ఒంటరిగా తపస్సు చేసుకుంది. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం రాసింది. 1817లో కన్నుమూసింది.

ఇవాళ తాళ్లపాక వారి లాలి, తరిగొండ వారి హారతి లేనిదే స్వామికి ఏకాంతసేవ పూర్తికాదు. గంటలకొద్దీ క్యూలో నిలబడి, రెప్పపాటు దర్శనంతో బయటపడ్డప్పుడల్లా నాకావిడే గుర్తొస్తుంది. గుడి గెంటేసినా ఆవిడకి దేవుడు దూరమవలేదు. గర్భగుడి దాకా వెళ్లొచ్చే మనకి ఆ దగ్గరతనం ఎంతుంది చెప్పండి?