ఎర్రని నీటిలో ఎహ్రెన్‌బర్గ్

1823 డిసెంబరు మాసం. సినాయ్ ద్వీపకల్పపు పడమటి తీరాన గల తూర్ రేవులో సముద్రజలం నెత్తురు కలిపినట్లు ఎర్రబారి కనిపించింది. హజ్ నుండి మరలివచ్చే యాత్రికులకు వైద్యపరీక్షలు జరిపే కేంద్రం తరువాతి కాలంలో వెలసింది ఈ రేవులోనే. ఆనాడు అక్కడున్న జర్మన్ యువకుడు క్రిస్టియన్ గాట్‌ఫ్రీడ్ ఎహ్రెన్‌బర్గ్ ఆ నీటిని సూక్ష్మదర్శినితో పరిశీలించాడు. వెంట్రుకలవంటి సన్నని పోగులు, కట్టలు కట్టలుగా! 1830లో ఆయన దానికి ట్రైకోడెస్మియం అని పేరు పెట్టాడు. కేశాల కట్ట అని ఆ గ్రీకు మాటకు అర్థం.

ఎహ్రెన్‌బర్గ్ 1795లో శాక్సనీలోని డెలిచ్ పట్టణంలో జన్మించాడు. మొదట మతశాస్త్రం చదవబోయి, వైద్యం వైపు మళ్ళాడు. 1820లో మిత్రుడు హెంప్రిచ్‌తో కలిసి ఈజిప్టుకు పయనమయ్యాడు. ఎడారులు, జ్వరాలు, మరణాలు ఆ బృందాన్ని వెన్నాడాయి. 1825లో హెంప్రిచ్ మసావా రేవులో కన్నుమూశాడు. సుమారు 34,000 జంతు నమూనాలు, 46,000 వృక్ష నమూనాలు ఆ యాత్ర ఫలం. వాటిని లోకానికి పరిచయం చేసే భారం మిగిలినవాని భుజాలపై పడింది.

1829లో హంబోల్ట్ వెంట రష్యాలో పర్యటించాడు. 1838లో సూక్ష్మజీవులపై బృహద్గ్రంథం వెలువరించాడు. అందులో ఒక పెద్ద పొరపాటు దొర్లింది. ఎంత చిన్న జీవికైనా జీర్ణకోశాదులైన సకలావయవాలు ఉంటాయని ఆయన నమ్మాడు. ఫ్రాన్సు దేశీయుడు దుజార్డాన్ దానిని ఖండించాడు. అయినా ఎహ్రెన్‌బర్గ్ తన మాట విడువలేదు. ఆ పట్టుదలను మెచ్చుకోలేము గాని, ఆయన కన్ను చూచినదానిని కాదనలేము.

ఆయన 1876లో బెర్లిన్‌లో మరణించాడు. తాను పేరు పెట్టిన ఎర్రపోగుల అసలు పని ఆయనకు తెలియనే లేదు. అది 1961లో బయటపడింది. డగ్‌డేల్ ప్రభృతులు అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో పరీక్షించి, ట్రైకోడెస్మియం గాలిలోని నత్రజనిని స్థాపిస్తుందని చూపారు.

ఇందులో విశేషమేమి? గాలిలో 78 శాతం నత్రజనియే. కాని చేపకు గాని, సామాన్యమైన నాచుకు గాని అది నేరుగా పనికిరాదు. ఉష్ణమండల సముద్రాల పైనీటిలో నైట్రేట్లు మిక్కిలి తక్కువ. వేరుశనగ వేరుబుడిపెలలోని బాక్టీరియా చేలో చేసే పనిని, ఈ పోగులు నీటిలో చేస్తాయి. వాయువును అమ్మోనియాగా మార్చి తాము పెరుగుతాయి. కొంత నీటిలోకి వదలి ఇతర జీవులను పోషిస్తాయి. వేరొక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. ఆమ్లజని కొరవడిన లోతులలో ఇంకొన్ని బాక్టీరియా ఆ నైట్రేటును విడగొట్టి తిరిగి వాయువుగా పంపివేస్తాయి. ఈ వ్యయం భారీగా జరిగే చోట్లలో మన అరేబియా సముద్రం ఒకటి. నైరుతి ఋతుపవనాలకు ముందు నెలల్లో మన పశ్చిమతీరాన నీటిపై రంపపుపొట్టులా తేలే తెట్టు కూడా తరచుగా ఈ ట్రైకోడెస్మియమే.

ఎహ్రెన్‌బర్గ్ సేకరించిన సూక్ష్మ నమూనాలు నేటికీ బెర్లిన్ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి.